వెర్లీ ఇంటి ముందు నీలం బోర్డు

మా ఊరి పెద్దవీధి నడిమధ్యనుంచే రాష్ట్రాల హద్దు పోతుంది. ఉత్తరం వైపు ఇళ్ళు వర్జీనియావి, దక్షిణం వైపువి టెనెస్సీవి. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు. పాలు ఎటు చవకైతే అటే కొంటారు. ఇళ్ళు అమ్మిపెట్టేవాళ్ళకి మాత్రం ఆ హద్దు గోడలాంటిది. ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానికే. లైసెన్సు ఉన్నా సొంతంగా తిరగడానికి లేదు, అక్కడి కంపెనీ ఒకదాని కింద ఉండాలి. అమ్మే ఇంటి ముందు ఆ కంపెనీ బోర్డే పాతాలి.

ఆ బోర్డులు పాతేది నేనే. నా పేరు ఆర్లండ్ స్టిల్ట్‌నర్.

ట్రెస్సా కిల్గోర్ స్కూలు బస్సు నడుపుతూనే చదివి టెనెస్సీ లైసెన్సు తెచ్చుకుంది. హోబర్ట్ కంపెనీలో చేరింది. హోబర్ట్‌కి వర్జీనియాలో అనుమతి లేదు. ట్రెస్సాకి తెలిసినవాళ్ళంతా ఉత్తరం వైపువాళ్ళే. అందుకని అటు పరీక్ష కూడా రాసి, ఇమొజీన్ ఫ్యూగేట్ అనే పెద్దావిడ కంపెనీలోనూ చేరింది. హోబర్ట్ సరేనన్నాడు. ఇమొజీన్ మాత్రం, "ఇద్దరి దగ్గర పనిచేసేవాళ్ళంటే నాకు భయం. ఒక్క తప్పు చేశావంటే నీ లైసెన్సు రాష్ట్రం వాళ్ళకి వెనక్కి పంపేస్తా" అని ముందే చెప్పిందట.

వర్జీనియా వైపు అమ్మిపెట్టడానికి ట్రెస్సాకి దొరికిన మొదటి ఇల్లు వెర్లీ అనే ముసలావిడది. ఆ వారం ట్రెస్సా నాకు ఫోను చేసింది.

"బాబాయ్, వెర్లీ ఇంటి ముందు బోర్డు పాతెయ్. శనివారం జనం చూడ్డానికొస్తారు."

"ఏ బోర్డు?"

"నీ ట్రక్కులో ఉన్నదే. బస్సు టైమైంది, ఉంటా."

ట్రక్కులో ఉన్నవన్నీ హోబర్ట్ నీలం బోర్డులే. ఒకటి పాతాను.

శనివారం వెర్లీ పెరట్లో గడ్డి కోయమంటే నేనూ వెళ్ళాను. ట్రెస్సా బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని కారు దిగింది. బోర్డు చూసి నిలబడిపోయింది.

"బాబాయ్, ఇది వర్జీనియా కదా."

వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తున్న వెర్లీ తలెత్తింది. "నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ వర్జీనియానే. నిన్న రాత్రి గానీ మార్చారా?"

ట్రెస్సా నవ్వలేదు. "పీకెయ్ బాబాయ్. ఇంకా ఎవరూ రాలేదు."

నేను గుంజ పట్టుకుని ఊపాను. మట్టి వదులైంది. అంతలో ట్రెస్సా నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు, ఆగు. ఇమొజీన్ గారికి చెప్పాకే పీకుదాం."

"చెబితే లైసెన్సు పంపేస్తుందేమో పిల్లా" అంది వెర్లీ.

"పంపుతుందనే కదా భయం."

చెట్టు వెనక్కి వెళ్ళి ఫోను చేసింది. నాకు మాటలు వినపడలేదు. కాసేపటికి ఇమొజీన్ పాత బ్యూక్ కారులో వచ్చింది. బోర్డు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎవరు పాతారిది?"

"నేను" అన్నాను.

"నేను పాతమంటే పాతాడు మేడమ్. ఏ బోర్డని అడిగాడు కూడా. నేనే వినిపించుకోలేదు" అంది ట్రెస్సా.

"మరి నా బోర్డేది?"

"నా దగ్గర లేదండీ."

"ఎందుకు లేదు?"

ట్రెస్సా తలొంచుకుంది. "మీరు ఇవ్వలేదు. నేనూ అడగలేదు."

వెర్లీ గిన్నె పక్కన పెట్టింది. "చూశావా ఇమొజీన్, పిల్లని చేర్చుకున్నావు గానీ చేతికేమీ ఇవ్వలేదన్నమాట."

"నువ్వు చిక్కుళ్ళు చూసుకో" అంది ఇమొజీన్. ట్రెస్సా వైపు తిరిగింది. "రాష్ట్రం వాళ్ళు అడిగితే ముందు అడిగేది నన్నే. చేర్చుకున్న రోజే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాల్సింది. పరీక్ష పాసైంది కదా, తెలిసే ఉంటుందనుకున్నా."

"నా లైసెన్సు పంపేస్తారా మేడమ్?"

"ఎదురింటివాళ్ళ నోట విని ఉంటే ఈపాటికి పంపేసేదాన్నే."

ట్రెస్సా పళ్ళెం వరండా మెట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"ఈ నెలంతా నేను లేకుండా ఇటువైపు ఒక్క ఇల్లూ చూపించొద్దు. నీకు విసుగొస్తుంది. నాకైతే ఇప్పుడే వస్తోంది" అంటూ ఇమొజీన్ కారు డిక్కీ తెరిచింది. అందులో ఆవిడ కంపెనీ ఎర్ర బోర్డుంది. "ఆర్లండ్, ఆ నీలందాన్ని పీకి హోబర్ట్‌కి పంపించు. ఏం జరిగిందో ఈ పిల్లే ఆయనకి చెబుతుంది."

నీలందాన్ని పీకి, అదే గుంటలో ఎర్రదాన్ని దించాను. మట్టి తొక్కుతుంటే ఎదురువైపు నుంచి ఒక కుర్ర జంట వీధి దాటి వచ్చింది. ఆ అమ్మాయి నిండు గర్భిణి.

"ఇల్లు చూడొచ్చా?"

ఇమొజీన్ వెళ్ళి వెర్లీ పక్కన కూర్చుని చిక్కుళ్ళు చేతిలోకి తీసుకుంది.

"రండి. నా పేరు ట్రెస్సా. ఇమొజీన్ ఫ్యూగేట్ గారి కంపెనీ తరఫున..." గుమ్మం దగ్గర ఆమె గొంతు వణికింది. వంటింటి కిటికీ లోంచి పొద్దున ఎండ ఎంతసేపు పడుతుందో చెప్పేటప్పటికి వణకడం మానేసింది.