వదిన సీటు మారిన ఏడాది

జట్టులో చిన్నా పెద్దా అందరూ ఆమెను వదిన అనే పిలిచేవారు. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆమె సొంత ఆడపడుచే. కారు ర్యాలీల్లో వదిన నడిపేది. ఆడపడుచు పక్క సీట్లో కూర్చుని రాబోయే మలుపులు చదివి వినిపించేది. గొంతు పెద్దది కావడంతో ఆమెకు మైకు అని పేరు పడింది. వదిన భర్తే ఆ కారుకు మెకానిక్కు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందని అడిగితే, "నాది తప్ప అందరిదీ" అనేవాడు.

పెళ్ళికి ముందు వదిన పాల వ్యాను నడిపేది. ముప్పై దాటాక ర్యాలీల్లోకి దిగింది. మట్టిరోడ్డు మీద కారు తోక విసురుతూ మలుపు తిరుగుతుంటే చూసేవాళ్ళ గుండెలు జారేవి. ఆమె ముఖం మాత్రం కూరగాయలు తరుగుతున్నంత నిమ్మళంగా ఉండేది. చూస్తుండగానే అల్మరా కప్పులతో నిండిపోయింది.

ఆ ఏడు మైకుకు అనుమానం పట్టుకుంది. హెల్మెట్లోని స్పీకరు శబ్దం చాలడం లేదని వదిన మాటిమాటికీ పెంచుతోంది. ఒక్కోసారి తను "ఎడమ" అనకముందే కారు ఎడమకు తిరుగుతోంది.

సాధన రోజున, తిన్నగా సాగే దారిలో, మైకు ఎప్పటి వేగంతోనే చదివింది: "పక్కింటావిడ కొత్త చెప్పులు, ఒకటి ఎడమ, ఒకటి పోయింది."

వదిన తలూపి గేరు మార్చింది.

మైకుకు నవ్వు రాలేదు. ఆపమని సైగ చేసింది. హెల్మెట్లు తీశాక దగ్గరగా జరిగి అడిగింది.

"ఎప్పట్నించి వదినా?"

"ఏంటి ఎప్పట్నించి?"

"నేను చెప్పుల గురించి చెప్తే తలూపావు."

వదిన చేతి తొడుగులు నెమ్మదిగా విప్పింది. "రెండేళ్ళయింది. మాటల చివర్లు తెగిపోతున్నాయి. దారి ముందే బట్టీ పట్టేస్తున్నా."

"బట్టీ పట్టాక దారిలోకి రాయి దొర్లితే? పక్కన కూర్చునేది నేను!"

"అందుకేగా నిద్ర పట్టట్లేదు. మీ అన్నయ్యకి చెప్పకు."

"నేను చెప్తే ఊరంతా వింటుంది. నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం షెడ్డులో వదినే చెప్పింది. ఆమె భర్త చేతిలోని పానా కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఇంజిన్ల హోరులో పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు చెవి డాక్టరు. మిషను పెట్టుకుంటే ఇంట్లో మాటలు వినబడతాయి గానీ, ఆ హోరులో పనికిరాదట.

కొన్నాళ్ళు వదిన షెడ్డు ముఖం చూడలేదు. ఒక ఉదయం మాత్రం మైకు వచ్చేసరికి పక్క సీట్లో కూర్చుని ఉంది.

"అది నా సీటు వదినా."

"చదవడానికి చెవులెందుకు? నోరుంటే చాలు. నువ్వు నడుపు."

"నేనా? నేను రివర్స్ చేస్తే గోడలు దండం పెడతాయి!"

"ఇన్నేళ్ళు నా కాళ్ళు చూస్తూ కూర్చున్నావుగా. ఊరికే చూశావా?"

చలికాలమంతా నేర్పింది. తన గొంతు ఎంత పైకి లేస్తోందో వదినకు తెలిసేది కాదు. అందుకని భర్త, ఆమె గొంతు స్థాయిని బట్టి కదిలే ముల్లున్న ఓ మీటరు ఆమె ముందు బిగించాడు.

మొదటి పోటీలో, రాళ్ళ దిగుడులో, కారు పక్కకు జారింది. మైకు కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. ఆ బిగింపు వదినకు సీటులోంచి తెలిసింది.

"కాలు తియ్యి. చెట్టు వైపు చూడకు, దారి చూడు. ఆఁ, అలా."

కారు దారికొచ్చింది. చివరి నుంచి మూడో స్థానంలో ముగించారు.

"పక్క అద్దం ఏదీ?" అన్నాడు మెకానిక్కు.

"చెట్టు అడిగింది, ఇచ్చేశా" అంది మైకు.

తర్వాతి ఏడాదుల్లో వాళ్ళు ఆరో స్థానం దాకా వచ్చారు. అంతకంటే పైకి పోలేదు. నడపడం మానేసినందుకు బాధ లేదా అని అడిగితే వదిన నవ్వేసేది. కానీ బయలుదేరే గీత దగ్గర కారు వణుకు అందుకోగానే, ఆమె కుడి పాదం తనంతట తానే నేలను నొక్కేది. మైకు అది చూసేది.