అడ్డు లేని వాపు

పైపు ఉబ్బిందంటే ఎక్కడో అడ్డుపడినట్టే. ప్లంబరుకు తెలిసిన శాస్త్రమల్లా ఇదే. అలాంటివాడికి డాక్టరమ్మ స్కాన్ బొమ్మ చూపించి, "మీ పాప కిడ్నీలో మూత్రం చేరే సంచి ఉబ్బింది, కానీ అడ్డేమీ లేదు" అనేసరికి బుర్ర తిరిగిపోయింది.

"అడ్డు లేకుండా ఎలా ఉబ్బుతుందండీ?"

"కొందరి ఒంటితీరే అంత. మందిచ్చి పరీక్ష చేశాం కదా, నీరు ఆగకుండా దిగిపోతోంది. కిడ్నీ బాగానే పనిచేస్తోంది. ఆపరేషన్ అక్కర్లేదు. నీళ్లు బాగా తాగించండి, మూత్రం ఆపుకోనివ్వకండి. కొన్నాళ్లాగి మళ్లీ స్కాన్ చేద్దాం. జ్వరమొస్తే మాత్రం వెంటనే తీసుకురండి."

"అంటే, ఇప్పుడేమీ చెయ్యరా?"

"కనిపెట్టి చూస్తుంటాం. ప్రస్తుతానికి అదే వైద్యం."

తను ఉబ్బిన పైపు ముందు చేతులు కట్టుకుని, కనిపెట్టి చూస్తున్నానంటే ఇంటివాళ్లు ఊరుకుంటారా? తన్ని తగలేస్తారు.

"ఆవిడ అంత విడమరిచి చెప్పాక ఇంకా ఎందుకు బుర్ర పాడుచేసుకుంటారు?" అంది భార్య. వింటే అతను ప్లంబరెలా అవుతాడు? అడ్డు దొరకనప్పుడు అతను ముందుగా చేసే పని, పైనుంచి వచ్చే నీళ్లు కట్టేయడం. రోజూ పొద్దున్నే భార్య చూడకుండా పిల్ల స్కూలు సీసాలో నీళ్లు సగానికి పైగా సింకులో వంపేసేవాడు.

"ఎక్కువ తాగితే లోపల పైపు పగిలిపోతుంది తల్లీ. అమ్మకి చెప్పకు" అని చెవిలో ఊదాడు. పిల్ల బుద్ధిగా తలూపింది.

కొద్దిరోజులకే పిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం, మూత్రానికి వెళ్తే మంటని ఏడుపు. మొగుడూ పెళ్లాలు ఉన్నపళంగా ఆస్పత్రికి పరుగెత్తారు.

"ఇన్ఫెక్షన్. మందులకి తగ్గిపోతుంది లెండి," అంది డాక్టరమ్మ. పిల్ల ఎండిన పెదాలు చూసి ఆగింది. "నీళ్లు బాగా తాగుతున్నావామ్మా?"

పిల్ల తండ్రి వంక గర్వంగా చూసింది.

"లేదు. దాహమేసినా తాగలేదు. స్కూల్లో పంపు దగ్గర కూడా తాగలేదు. కదా నాన్నా?"

భార్య అతని వైపు తిరిగింది. పిల్లని తన ఒళ్లోకి లాక్కుంది. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

అడ్డు లేకుండా ఆ వాపు ఎందుకొచ్చిందో అతనికి ఇప్పటికీ అంతుబట్టలేదు. అయినా గ్లాసు నిండా నీళ్లు పట్టి, పిల్ల నోటికి అందించాడు.

"తాగు తల్లీ."

పిల్ల పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది.

"వద్దు నాన్నా, పగిలిపోతుంది."