బ్యాటరీ మీది నిమ్మచెక్క

శ్రావణ్ తాళం తిప్పాడు. కారు టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ టిక్కు.

అరుగు మీద కూర్చున్న లచ్చయ్యకు మొదటి టిక్కుకే రోగం తెలిసిపోయింది. బస్సు డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్కుగా చేసిన మనిషి. బ్యాటరీ బాగానే ఉంది, దాని టర్మినళ్లకే చిలుము పట్టింది. పది నిమిషాల పని. అయినా చెప్పడు. అడగనివాడికి చెప్పేంత గతిలేనివాడా తను?

అల్లుడు మూడేళ్లుగా జనగామలో ఇల్లరికం ఉంటున్నాడు. ఆ పాత కారు కొన్నప్పటి నుంచి ఒక్కనాడు బానెట్ ఎత్తిన పాపాన పోలేదు. అద్దాలు తుడవడానికి మాత్రం మూడు రకాల గుడ్డలు, లోపల అత్తరు సీసా! ఇప్పుడు ఫోన్‌లో ఎవడో చెప్పే వీడియో చూస్తూ, అద్దాలు కడిగే నీళ్ల డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూస్తున్నాడు. లచ్చయ్యకు నవ్వాగలేదు.

"అద్దాలు కడిగితే ఇంజను లేస్తదా, అల్లుడా?"

"మీరు జర ఊకోండి మామా. గది బస్సుల కాలం. గిది సెన్సార్ల బండి."

సెన్సార్లట! లచ్చయ్య తాపీగా చుట్ట వెలిగించాడు.

మధ్యాహ్నం పన్నెండు లోపల శ్రావణ్ భూపాలపల్లిలో ఉద్యోగంలో చేరాలి. ఈరోజే ఆఖరు. చేరకపోతే జాబితాలో తర్వాతివాడిని పిలుస్తారు. సామానంతా కారులో ఉంది. కళ్యాణి మూడేళ్లుగా సొంత కాపురం కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది. కూతురి ఆశ లచ్చయ్యకు తెలియంది కాదు. తెలిసీ కదల్లేదు. "మామా, మీరే చూడాలె" అని అల్లుడి నోటినుంచి రావాలి. ఆ ఒక్క మాట కోసం మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

ఎనిమిదైంది. లోపలినుంచి కళ్యాణి వేడినీళ్ల గిన్నె, తినే సోడా, పాత పళ్ల బ్రష్, స్పానరు పట్టుకుని వచ్చింది.

"జర జరుగు," అని మొగుణ్ణి పక్కకు నెట్టి బ్యాటరీ మీది ప్లాస్టిక్ మూత తీసింది. టర్మినల్ నిండా పచ్చటి పొడి. దానికి అతుక్కుని నల్లగా ఎండిపోయిన నిమ్మచెక్క, కుంకుమ మరకలు. నిమ్మరసం కారిన చోటల్లా చిలుమే.

లచ్చయ్య నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. దసరానాడు ఆయుధపూజ చేసి ఆ చెక్కను అక్కడ పెట్టింది తనే. డిపోలో ఏటా అలాగే పెట్టి, సాయంత్రానికి తీసి తుడిచేవాడు. ఇక్కడ పెట్టడం వరకే గుర్తుంది.

"ఏ తెలివి తక్కువోళ్లు పెట్టిండ్రు గిది?" శ్రావణ్ మండిపడ్డాడు. "ఓనమాలు రానోళ్లు బండిని ఎందుకు ముడుతరు?"

ఆరోజు పూజపళ్లెం పట్టుకుంది కళ్యాణే. తండ్రి వైపు ఒక్కసారి చూసింది.

"నేనే పెట్టిన. దిష్టి తగలద్దని," అంది.

"నీకు బుద్ధున్నదా? నౌకరి పోతుండె!"

ఆమె వైర్లు విప్పింది, సోడా చల్లి రుద్దింది, వేడినీళ్లతో కడిగి తుడిచింది. బిగించి, పైన కాస్త గ్రీజు రాసింది. లచ్చయ్య ఒకప్పుడు నేర్పిన వరసే, ఒక్కటి తప్పలేదు. లేచి ఒప్పుకోవాలనుకున్నాడు. అరుగు దిగలేదు. ఇంత పిరికివాడినా అని ఒళ్లంతా సిగ్గుతో మండింది.

తాళం తిప్పగానే కారు లేచింది. శ్రావణ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"గన్నేండ్లు డిపోల చేసిండ్రు గదా మామా. బ్యాటరీ మీద నిమ్మచెక్క పెట్టద్దని బిడ్డకు గిదన్న నేర్పియ్యకపోయిండ్రా?"

"తప్పయింది," అన్నాడు లచ్చయ్య తల దించుకుని.

ఆ మాట ఎవరికో శ్రావణ్‌కు అర్థం కాలేదు. కళ్యాణి మాత్రం గ్రీజు చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "పోయొస్త బాపు," అని ఎక్కి కూర్చుంది.