ఉప్పు వేయని కూర

బస్సు డిపో క్యాంటీన్లో పదకొండేళ్లుగా గరిటె తిప్పుతున్న ఆవిడను డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ వదినా అనే పిలుస్తారు. ఖాళీ పళ్లెం తొట్టిలో వేస్తూ ఎవరో ఒకరు "కూర అదిరింది వదినా" అంటే చాలు, ఆవిడకు ఆ రోజు గడిచిపోతుంది. ఆ మాట చెవినపడి మూడు వారాలైంది.

దానికి కారణం సొంత తోటికోడలే. వడ్డనకు మనిషి కావాలంటే, మన పిల్లే కదా అని వదినే తెచ్చి పెట్టింది. ఏకై వచ్చి మేకైంది. చేతిరాత బాగుందని వంటల పేర్లు రాసే నల్లబోర్డు అప్పగిస్తే, ప్రతి వంట కిందా ఒక చరిత్ర తగిలించడం మొదలుపెట్టింది. క్యారెట్టు ఒకప్పుడు ఊదారంగులో ఉండేదట. టమాటా విషమని కొన్ని దేశాల్లో ముట్టుకునేవారు కాదట. రేకుడబ్బాలో తిండి అమ్మడం మొదలైన నలభై ఏళ్లకు గాని ఆ డబ్బా తెరిచే పనిముట్టు పుట్టలేదట, అందాకా ఉలీ సుత్తే గతి!

"డబ్బా చేసినోడికి బుర్ర లేదా టీచరమ్మా?" అని మెకానిక్కులు విరగబడి నవ్వేవారు. అప్పుడే టీచరమ్మ అని బిరుదు కూడానూ! పొయ్యి ముందు చెమటోడ్చేది తను, పొగడ్తలేమో సుద్దముక్కకు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాదూ? వదినకు కడుపు రగిలిపోయింది. ఇంట్లో మొగుడి దగ్గర వెళ్లబోసుకుంటే, "ఆ రేకుడబ్బా సంగతి తమ్ముడు నాకూ చెప్పాడే, భలే ఉంది" అన్నాడాయన. పుండు మీద కారం చల్లినట్టయింది.

మంగళవారం ఆవిడ బంగాళాదుంప కూరలో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. ఒక్కడైనా మొహం చిట్లిస్తే, తన వంట రుచి చూసే నాలుక ఇంకా ఒకటి ఉన్నట్టే. తిట్టినా సరే అనుకుంది.

బోర్డు మీద ఆ రోజు, బంగాళాదుంప తింటే రోగాలొస్తాయని ఒక దేశంలో దాన్ని పశువులకే వేసేవారని ఉంది. వంటింటి కిటికీలోంచి వదిన రెప్పవేయకుండా చూసింది. అందరూ మెడలెత్తి బోర్డు చదువుకుంటూ, పళ్లేలు నాకినంత పనిచేసి లేచారు. ఒక్కడి నొసలూ ముడతపడలేదు. ఉప్పు లేకపోయినా తెలియలేదా వీళ్లకి! ఆవిడకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఫోర్‌మన్ కిటికీలోంచి తల పెట్టాడు. "ఇవాళ కూర అదిరింది వదినా! ఉప్పూకారం సరిగ్గా కుదిరాయి."

అతను వెళ్లాక తోటికోడలు ఖాళీ గిన్నె పట్టుకుని దగ్గరకొచ్చింది.

"ఉప్పు మర్చిపోయావక్కా. వడ్డించే ముందు నేను రోజూ రుచి చూస్తాగా! నువ్వు పొయ్యి కడుగుతుంటే వేడినీళ్లలో కరిగించి కలిపేశా. ఎవరికీ చెప్పలేదులే." గొంతు తగ్గించింది. "నీ చెయ్యి ఎప్పుడూ తప్పదు కదా, ఒంట్లో బాగానే ఉందా?"

వదిన తేలుకుట్టిన దొంగలా నిలబడింది. మూడు వారాలకు వచ్చిన ఒక్క మాటా ఈ పిల్ల ఉప్పుకే వచ్చింది. గిన్నె అంచుకు మిగిలిన కూర వేలితో తీసి నాలిక్కి రాసుకుంది. తను వేసినా అంత సరిగ్గా పడేది కాదు.

"కాస్త ఎక్కువేశావు" అంది.