మొద్దు కొసల అక్షరాలు

ఆశీర్వాదం కళ్లకు పొర కమ్మిన సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు: అతనికి, అతని భార్య సూరమ్మకు. మూడో మనిషి చెవిన పడితే రాజమహేంద్రవరం అచ్చుకూటంలో అక్షరాలు చెక్కే కొలువు ఆ పూటే ఊడుతుంది. పోనీ మళ్లీ కుంపటి ముందు కూర్చుందామా అంటే, బాప్తిస్మం పుచ్చుకున్న కంసాలిని పక్కన కూర్చోనిచ్చే అన్నదమ్ముడు ఒక్కడూ లేడు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోతాడు.

అచ్చుకూటం యజమాని జగన్నాథరావు గారికి పిల్లల వాచకం కోసం కొత్త అక్షరాలు కావలసివచ్చాయి.

"వాడి కొసలు వద్దండి. గీతంతా ఒకటే లావుండాలి, కొస మొద్దుగా, గుండ్రంగా ఉండాలి. దూరాన్నుంచైనా పోల్చుకోవాలండి," అన్నారాయన.

సన్నగీతలే కనబడని మనిషికి అంతకంటే ఏం కావాలి? దేవుడే పంపిన పని అనుకున్నాడు.

ఉక్కు కడ్డీ కొసన అక్షరం చెక్కడం, ఆకురాయితో అంచులు మొద్దు చెయ్యడం, వేలితో తడిమి చూసుకోవడం. ఆపైన దానికి దీపం మసి పట్టించి కాగితం మీద అద్దితే, తప్పొప్పులు చూసే కళ్లు సూరమ్మవి. ఆవిడకు అక్షరం ముక్క రాదు! నమూనా పక్కన పెట్టుకుని, "ఇక్కడ పొట్ట లోపలికి పోయిందండి. ఈ తోక గారెలాగ ఉబ్బిందండి," అనేది. అతను మళ్లీ ఆకురాయి పట్టేవాడు. ప్రార్థనకు కళ్లు మూస్తే, తెరిచాక ఆ మాత్రం వెలుగూ ఉండదేమోనని హడలిపోయేవాడు. అందుకని కళ్లు తెరిచే ప్రార్థించేవాడు.

ఎట్టకేలకు ఆ కడ్డీలను రాగి దిమ్మల్లో దిగ్గొట్టి, ఆ గుంటల్లో అక్షరాలన్నీ సీసంతో పోతపోశారు. జగన్నాథరావు గారు పనివాళ్లందరినీ పిలిచి, కాగితం ఒకటి ఆశీర్వాదం చేతిలో పెట్టారు.

"మొదటి కాగితమండి. మీరే చదవాలి."

వేళ్లు పాకించాడు. ఉక్కు మీద పలికిన అక్షరం కాగితం మీద పలకలేదు. తెల్లటి మసకలో నల్లటి మరకలు. కొత్త అక్షరాలు పోశాక మొదట అచ్చు తీసేది ఓనమాలే, పదకొండేళ్లుగా అతను చూస్తున్నదదే. అదే పట్టుకుని వేలాడాడు.

అన్నం తెచ్చి వాకిట్లో నిలబడ్డ సూరమ్మకు, అవి నమూనాలోని ఓనమాల వరసలో లేవని ఆకారాన్ని బట్టి తెలిసింది. నోరు తెరిచి చెప్పేదెలా? రెండుసార్లు దగ్గింది. ధైర్యం చెబుతోందనుకున్నాడు.

గొంతు సవరించుకుని, వేలు పెట్టి మరీ చదివాడు: "అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ..."

ఎవరూ నవ్వలేదు. అక్షరాలు పేర్చే ముసలయ్య తల దించుకున్నాడు. జగన్నాథరావు గారు కాగితాన్ని అతని చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు.

"ఆశీర్వాదం గారూ, ఓనమాలు రేపు తీద్దామనుకున్నామండి. ఇవాళ దీని మీద వేయించింది మీ పేరు."