ఎనభయ్యో సంచి

2002 ఆగస్టు 20, మంగళవారం ఉదయం 10:40కి నెబ్రాస్కాలోని ఒక చర్చి హాల్లో ఎమిల్ వావ్రా రక్తం ఇచ్చాడు. అది ఎనభయ్యోసారి. ఎనిమిదిసార్లు ఇస్తే ఒక గాలను లెక్క. నర్సు మార్లీన్ పది గాలన్ల బిళ్లను ఆయన టోపీకి గుచ్చింది.

"పది గాలన్లు పోయినా ఈ మనిషికి నోరు మాత్రం తగ్గలేదమ్మా," అంది భార్య అడెలైన్, ప్లమ్ పండు పెట్టి కాల్చిన కొలాచీ రొట్టె ఆయన చేతికిస్తూ.

ఒంట్లో బాగోకపోతే వెంటనే ఫోన్ చేయాలని మార్లీన్ ఒక చీటీ ఇచ్చింది. ఎమిల్ దాన్ని టోపీ లోపల దోపాడు. పాత చీటీలు డెబ్బై తొమ్మిదీ ఏమయ్యాయో ఆయనకు తెలియదు.

గురువారం జ్వరం వచ్చింది.

"ఫోన్ చెయ్యి," అంది అడెలైన్.

"ఎండ దెబ్బే. చేస్తే నా రక్తం సంచి పారేస్తారు. నా లెక్క డెబ్బై తొమ్మిదికి దిగుతుంది."

"అయితే ఆ బిళ్లే నుదుటి మీద పెట్టుకో, జ్వరం దిగుతుంది."

మధ్యాహ్నం ఎమిల్‌కు కునుకు పట్టింది. మొక్కజొన్న చేలో చక్రాల మీద తిరిగే నీటి గొట్టం కిటికీ దాటి గదిలోకి వచ్చింది. చప్పుడు లేదు. దాన్నుంచి పడే నీరు ఎర్రగా కాలువ కట్టింది. ఆయన ఆ కాలువ వెంట నడిచాడు. కాలువ చేను దాటింది, చర్చి దాటింది, ఒక గదిలో ఎవరిదో మోచేతిలోకి వెళ్లింది. ముఖం కనబడలేదు. మంచం కమ్మీ మీద కాకి కూర్చుని ఉంది. ఆయన చూస్తుండగానే అది కింద పడింది.

లేచేసరికి చెమటకు పక్క తడిసి ఉంది.

"అడెలైన్, పొద్దున కొట్టం దగ్గర కాకులు ఎన్ని చచ్చి పడ్డాయన్నావ్?"

"మూడు. పూడ్చేశాను. ఏం?"

"నా టోపీ ఇలా తే."

4:05కి మార్లీన్ ఫోన్ తీసింది. ఎమిల్ జ్వరం సంగతీ, కాకుల సంగతీ చెప్పాడు.

"దోమలు కుట్టాయా ఎమిల్ గారూ?"

"ఈ ఊళ్లో అవి వదిలిందెవరిని తల్లీ?"

"కాకుల్ని చంపే దోమ జ్వరం ఈ వేసవిలో మనుషులకీ వస్తోంది. రక్తంలో దాన్ని పట్టే పరీక్ష మా దగ్గర లేదు. మీరు చెబితేనే మాకు తెలిసేది."

"సంచి ఎక్కడుంది?"

"నిన్ననే ఆసుపత్రికి పంపాం. ఫోన్ పెట్టెయ్యకండి."

ఎమిల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అడెలైన్ కుర్చీ తెచ్చింది. ఆయన కూర్చోలేదు.

4:31కి మార్లీన్ మళ్లీ మాట్లాడింది. సంచి ఆపరేషన్ గది పక్కన ఫ్రిజ్‌లో ఉంది. దాని మీద ఒక రోగి పేరు అంటించి ఉంది. ఎవరిదో ఆమె చెప్పలేదు.

శుక్రవారం ఉదయం 9:15కి సంచి రక్తనిధికి తిరిగి వచ్చింది. సీలు తియ్యలేదు.