బ్యాటరీ కాపడం

చలికాలంలో పొద్దు వాలే వేళ, ఆ ఇంటి ముందు మోపెడ్ ఆగిన చప్పుడు వినగానే లోపల మంచం మీది పెద్దావిడ ముఖం విప్పారేది. కోడలు వచ్చిందన్న సంతోషం అందులో ఉంది, కాదనను. కోడలి భుజానికి వేలాడే సంచి వచ్చిందన్న సంతోషం కూడా ఉంది.

కోడలిది డ్రోన్ నడిపే పని. తోటల మీద మందు చల్లే డ్రోన్. దాన్ని గాలిలో ఆడించేది ఆమే కాబట్టి తోటల్లో అందరూ ఆమెను తూనీగ అంటారు. అసలు పేరు జీతమిచ్చే యజమానికి కూడా గుర్తు లేదు. సంచిలో ఉండేవి ఆ డ్రోన్ బ్యాటరీలు. ఒక్కోటి ఇటుకంత ఉంటుంది, బరువూ ఇంచుమించు అంతే. ఆఖరి తోట ముగించి నేరుగా ఇంటికి వస్తుంది కాబట్టి అవి ఇంకా వెచ్చగానే ఉంటాయి. చల్లారాక గాని చార్జింగ్ పెట్టకూడదు. అందుకని, ఇంట్లో వేరే చోటు లేక, సంచి మంచం కిందికి తోసి, కాళ్లు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆమె అటు వెళ్లగానే అత్తగారు ఇటు వంగి సంచిలోంచి రెండు బ్యాటరీలు తీసేది. తువ్వాళ్లలో చుట్టి, ఒక్కో మోకాలి కింద ఒక్కోటి పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకునేది.

వయసంతా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసిన మనిషి. ఆ నిలబడటమంతా మోకాళ్లలో చేరి కూర్చుంది. చలి పెరిగితే లోపల ఎవరో రంపం పెట్టి కోస్తున్నట్టు ఉండేది. ఈ కాపడం తగలగానే ప్రాణం లేచొచ్చేది. కోడలు భోజనానికి పిలిచేలోపు వాటిని మళ్లీ సంచిలో సర్దేసేది. పని సామాను ముట్టుకున్నానని తెలిస్తే ఏమనుకుంటుందోనని మొహమాటం. అన్నింటిలో ఒకటంటే ఆమెకు మరీ ఇష్టం. అది మిగతావాటిలా గట్టిగా ఉండదు. పొట్ట ఉబ్బి, మెత్తగా, చిన్న దిండులా ఉంటుంది.

చదువరులారా, చూడముచ్చటగా ఉంది కదూ? ముచ్చటపడకండి. ఉబ్బిన బ్యాటరీ అంటే లోపల కుళ్లిన బ్యాటరీ. ఎప్పుడు భగ్గుమంటుందో దానికే తెలియదు. అలాంటిది ఒక పెద్దావిడ దుప్పటి కిందికి ఎలా చేరిందో చెబుతాను. ఆ దారి యజమాని ఇంటి మీదుగా పోతుంది.

యజమాని డ్రోన్లను తన ఇంటి పక్క షెడ్డులో పట్టా కప్పి, తాళం వేసి దాచుకుంటాడు. మొదట్లో బ్యాటరీలు కూడా ఆ ఇంట్లోనే, ముందు గదిలో ఉండేవి. ఇవి అంటుకుంటే ఆర్పడం కష్టమని ఎవరో చెప్పగా ఆయన భార్య వింది. అవైనా ఇంట్లో ఉండాలి, నేనైనా ఉండాలి, తేల్చుకోమంది. ఆయన బుద్ధిగా భార్యనే ఉంచుకున్నాడు. బ్యాటరీలను మాత్రం డ్రోన్లు నడిపేవాళ్లకు పంచాడు. రాత్రికి మీ ఇళ్లలో పెట్టుకుని పొద్దున్నే నిండా చార్జింగ్‌తో తెమ్మన్నాడు. మిమ్మల్ని నమ్మి ఇస్తున్నానన్నాడు. నమ్మకం అనే మాట కొందరికి ఎంత చవగ్గా దొరుకుతుందో చూడండి.

వీటి సంగతి తూనీగకు తెలియదా అంటే, తెలుసు. పని నేర్పినప్పుడే చెప్పారు. బ్యాటరీలో చార్జింగ్ ఒక హద్దు దాటి తగ్గితే చేతిలోని రిమోట్ కూత పెడుతుంది. మొదటి కూతకే డ్రోన్‌ను దించేయాలి. అడుగంటా పిండితే బ్యాటరీ లోపల దెబ్బతిని ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ ఎగరేయకూడదు. దాచేటప్పుడు నిండుగానూ ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సగానికి అటూ ఇటూగా ఉంచి, మంటకు తట్టుకునే డబ్బాలో, చల్లని చోట, పడకకూ బట్టలకూ దూరంగా పెట్టాలి.

ఇవన్నీ యజమానికీ తెలుసు. తెలిసే, రిమోట్‌లో ఆ హద్దును కిందికి దింపించాడు, కూత ఆలస్యంగా వచ్చేలా. వచ్చాక కూడా, "అరవడం దాని పని, చల్లడం మన పని. ఇంకొక్క వరుస లాగెయ్ తూనీగా" అనేవాడు. ఆ ఒక్క వరుస ఏనాడూ ఒక్కటి కాలేదు. బ్యాటరీ ఉబ్బిందని చూపిస్తే బొటనవేలితో నొక్కి నవ్వాడు. తిని బలిసిందట. ఈ సీజను లాగేస్తుందట.

ఆమె నోరు మూసుకుంది. భర్త లారీ మీద దూరాలు పోయే మనిషి. ఎప్పుడొస్తే అప్పుడు వచ్చినట్టు. పని పోతే ఇల్లు గడవదు. అత్తగారికి కూడా చెప్పలేదు, పెద్ద ప్రాణం భయపడుతుందని. సంచిలో ఏముందని అడిగితే సామాను అంది. కష్టం చేసుకునే మనందరికీ ఈ జబ్బు ఉంది. పనిచోటి భయాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి వచ్చామనుకుంటాం. భయాన్ని విడవొచ్చు. సంచిలో ఉన్నదాన్ని లోపలికి మోసుకొచ్చి భయాన్ని మాత్రం బయట విడిస్తే, లోపలివాళ్లు దేన్ని చూసి జాగ్రత్త పడాలి?

ఒకరోజు వాన మబ్బు పట్టింది. ఈలోపే చల్లేయాలని యజమాని స్వయంగా గట్టు మీద నిలబడి తొందరపెట్టాడు. రిమోట్ కూసింది, ఆగనివ్వలేదు. మళ్లీ కూసింది, ఆగనివ్వలేదు. చివరికి డ్రోన్ తనంతట తానే వరుస మధ్యలో దబ్బున దిగింది. అందులో ఉన్నది ఆ ఉబ్బిన బ్యాటరీయే. చెయ్యి పెడితే చురుక్కుమంది. తూనీగ గుడ్డతో పట్టుకుని సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

ఆమె వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే గదిలోంచి అత్తగారు పిలిచింది.

"అమ్మాయ్, తిట్టనంటే ఒకటి చెబుతా."

"చెప్పండి అత్తయ్యా, నేను తిడితే మీరు ఊరుకుంటారా ఏంటి."

"నీ సామాను రోజూ ఈపాటికి చల్లారేది. ఇవాళ చల్లారకపోగా వేడెక్కుతోంది. ప్లగ్గు పీకేశాక ఇస్త్రీపెట్టె వేడెక్కడం నా జన్మలో చూడలేదే."

తూనీగ నవ్వుతూనే గుమ్మం దాకా వచ్చింది. ముగ్గిన పండు వాసన లాంటి తియ్యటి వాసన ముక్కుకు తగిలింది, బ్యాటరీ లోపలిది కారేటప్పుడు వచ్చే వాసన. మోకాళ్ల దగ్గర ఎత్తుగా ఉన్న దుప్పటి కనిపించింది. నవ్వు అక్కడే చచ్చిపోయింది.

ఆమె అరవలేదు. దుప్పటి లాగి, కాళ్లు మెల్లగా పక్కకు తీయమని, ఏం కంగారు లేదని చెప్పింది. ఉబ్బినదాన్ని చుట్టిన తువ్వాలు కొసలు పట్టుకుని, ఒంటికి దూరంగా మోసుకుంటూ వెళ్లి వాకిట్లో గేటుకు దూరపు మూల, గోడ కట్టడానికి పోసిన ఇసుక కుప్ప మీద వదిలేసింది. వెనక్కి పరుగెత్తి, దుప్పటి అందుకుని, అత్తగారి నడుం చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించింది. వాళ్లు గేటు దగ్గరికి చేరారో లేదో, బుస్సుమని తెల్లటి పొగ లేచింది. వెంటనే మంట. నిలువెత్తు మంట. తువ్వాలు కనురెప్ప వేసేంతలో మాయమైంది.

అది దానంతట అది కాలి చల్లబడేదాకా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని గేటు దగ్గరే నిలబడ్డారు. తర్వాత తూనీగ అరుగు మీద అత్తగారిని కూర్చోబెట్టి, కింద కూర్చుని ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. మోకాలి కింద చర్మం ఎర్రగా కమిలింది. చల్లటి నీళ్లు పోస్తూ అడిగింది.

"ఎప్పటినుంచి పెట్టుకుంటున్నారు?"

"చలి మొదలైనప్పటినుంచి. నీకు చెబితే చాదస్తం అంటావని చెప్పలేదు."

"నేను కూడా చెప్పలేదు అత్తయ్యా. భయపడతారని."

"బాగుంది మన సంసారం" అంది పెద్దావిడ. "నువ్వు నన్ను భయపెట్టకూడదని, నేను నీకు బరువు కాకూడదని. ఇద్దరం కలిసి కాలిపోయేవాళ్లం."

అని, తడి చేతులతో కోడలి ముఖం పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది తూనీగ. అంతదాకా ఏడవలేదు.

మర్నాడు యజమాని షెడ్డు ముందుకు మోపెడ్ మీద ఇద్దరూ వచ్చారు. తూనీగ సంచి తీసుకెళ్లి అందరికీ దూరంగా, ఖాళీ నేల మీద పెట్టింది. జరిగింది చెప్పింది. మొదటి కూతకే దించుతానంది. ఉబ్బినవి ముట్టనంది. ఇక ఒక్క బ్యాటరీ కూడా తన గడప దాటి లోపలికి రాదంది. డ్రోన్లు నడిపే మిగతా ఇద్దరూ తమ సంచులు తెచ్చి పక్కనే పెట్టారు.

యజమానికి కోపం వచ్చింది. ఇష్టం లేకపోతే పొండి, మనుషులు దొరకరా అన్నాడు.

"దొరుకుతారు" అన్నాడు వాళ్లలో ఒకడు. "వాళ్ల ఇళ్లలో కూడా మంచాలుంటాయి."

యజమాని భార్య పెద్దావిడకు కుర్చీ తెచ్చి వేసింది. పెద్దావిడ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మాట్లాడింది.

"బాబూ, మీ ఆవిడ వద్దంటే విన్నారు. మంచి పని చేశారు. మీ ఇల్లు మీకు తీపి. కానీ మీ ఇంట్లో ఉండకూడదని తెలిసినదాన్ని మా ఇంటికి పంపేటప్పుడు, అక్కడ ఎవరు పడుకుంటారని ఒక్క మాట అడిగారా?"

ఆయన ఏదో అనబోయాడు. ఆయనకంటే ముందు భార్య నోరు విప్పింది.

"అడగలేదమ్మా. ఇంట్లోంచి తీసేశారు చాలనుకున్నా. ఎక్కడికి పోయాయని నేనూ అడగలేదు."

ఆ మాటతో యజమాని తల దించుకున్నాడు. మనసు మారిందని నేను చెప్పను. ఆయన ఈనాటికీ గొణుగుతూనే ఉన్నాడు. కానీ షెడ్డుకూ ఇళ్లకూ దూరంగా ఇటుకలతో చిన్న గది లేచింది. అది లేచేదాకా డ్రోన్లు ఎగరలేదు. అందులో ఇనప డబ్బాలున్నాయి, ఇసుక బకెట్లున్నాయి. చార్జింగ్ పెట్టినంతసేపూ ఒక మనిషి మెలకువగా కాపలా ఉంటాడు. రిమోట్‌లో హద్దు ఉండవలసిన చోటికి ఎక్కింది. ఉబ్బినవన్నీ పక్కన పడ్డాయి.

తూనీగ ఇప్పుడు వేడినీళ్ల రబ్బరు సంచి కొని తెచ్చింది. సాయంత్రాలు తనే నీళ్లు కాచి, నింపి, ముందు తన బుగ్గకు ఆనించుకుని చూసుకుని, అత్తగారి మోకాళ్ల మీద పెడుతుంది. కాపడం అయ్యేదాకా ఆ రోజు పనిలో జరిగిందంతా, భయపడ్డదాన్ని కూడా దాచకుండా చెబుతుంది. పెద్దావిడ అన్నీ విని, నచ్చనిచోట యజమానిని నాలుగు తిట్టి, ఇంకొంచెం వేడినీళ్లు పొయ్యమంటుంది.

చదువరులారా, మీరు చేసే పని ఏదైనా కావచ్చు. అందులోని ప్రమాదాన్ని మీవాళ్ల దగ్గర దాచకండి, మీవాళ్ల నెత్తిన పెట్టనివ్వకండి. లాభం ఎవరి ఇంటికి పోతోందో, ప్రమాదాన్ని కాపలా కాసే బాధ్యత కూడా ఆ ఇంటిదే.